ఒకే చెంబు

బెల్లం మండీలో ముల్లుని
నడిమధ్య నిలబెట్టేది నా పని.
పదారేండ్లుగా అదే చేస్తాండా.
ఎవురి బండి, ఎవురి గోనెసంచి, నాకు ఒకటే.
అందుకే మిద్దెమీద రెండు మొక్కలకీ
ఒకే చెంబు, గొంతుదాకా నింపి
పొద్దున ఒకటి, మాపున ఒకటి పోస్తిని.

పెయింటు బకెట్లో కనకాంబరం.
పూలంగడి చెంగల్రాయులు
అగ్గిపెట్టెలో ఏసిచ్చిన గింజలది.
నూనె డబ్బాలో మరువం.
సుగుణ తెచ్చింది, ఆస్పత్రి నుంచి.
మురకంబట్టు ముసలామె ఎవురో
కొడుక్కి కట్టు విప్పిన రోజు
తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన రెండు కొమ్మలు.

కనకాంబరానికి దాహమెక్కువ.
మధ్యాన్నం ఎండకి ఆకులన్నీ వాలేసి
ఎవురో చచ్చిపోయినట్టు నిలబడతాది.
చెంబు నీళ్ళు పడితే
కాఫీ తాగే లోపల లేచి కూర్చుంటాది.
నీళ్ళ ట్యాంకు నీడ సగం కావాల.
వేరుకి ముడులు పడకుండా వేపపిండి కావాల.
ఎండిన కంకి తుంచకపోతే
ఇంక పూసేది లేదు పో, అంటాది.

మరువం ఏమీ అడగదు.
ఎండే దానికి అన్నం.
మన్నులో మూడోవంతు ఇసకుంటే చాలు.
కొసలు తుంచినకొద్దీ గుబురవుతాది.
అడగని దానికి పోస్తానే ఉంటే ఏమవుతాదో
అప్పటికి నాకు తెలీదు.

సుగుణది నైటు డ్యూటీ.
కొప్పులో మూర కనకాంబరం.
వాసన లేని పువ్వు ఏం పువ్వు, అంటిని ఒకసారి.
ఆపరేషనై వాంతులు పట్టినోళ్ళ దగ్గిర
మల్లెలు పెట్టుకుని నిలబడతారా ఎవురైనా, అనింది.
మూడో వార్డు పెద్దాయన ఒకడు
జొరంలో కండ్లు తెరిచి
ఆమె కొప్పుని చూసి
"తెల్లారిందా అమ్మా?" అన్నాడంట.
అప్పుడు రాత్రి రెండున్నర.

తెల్లారినాక ఆమెకి రాత్రి.
ఎదురింటి మిక్సీ, గ్యాసు బండి గంట,
కిటికీకి దుప్పటి, కండ్లమీద తడిగుడ్డ,
గుడ్డ మడతలో మరువం రెమ్మ.
ముక్కులోనుంచి ఫినాయిలు దిగిపోయి
మరువం ఎక్కేదాకా
ఆమె ఇంటికొచ్చినట్టు కాదు.
నేను చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోతా, మండీకి.

కార్తీకంలో తుపాను పట్టింది.
రెండు దినాలు కురిసి, మూడోనాడు తెరిపిస్తే
లెక్క తప్పకూడదని
రెండింటికీ చెరొక చెంబు పోస్తిని.
మళ్ళా కురిసింది.

అయిదోనాడు పైకెక్కితే
మరువం మొదట్లో నల్లంగా, మెత్తంగా.
పట్టి లాగితే చేతికొచ్చేసింది.
కుళ్ళినా అదే వాసన. అదే బాధ.
పక్కన, నేను తుంచక వదిలేసిన కనకాంబరం కంకులు
తడి తగిలి టప్, టప్ మని పగలతా
గింజల్ని విసరతాండాయి,
నా చొక్కామీద, చెప్పుమీద,
ఖాళీ అయిన నూనె డబ్బాలో కూడా.

డ్యూటీ దిగి వచ్చి సుగుణ చూసింది.
అరవలేదు. చీర కూడా మార్చుకోకుండా
పచ్చగా మిగిలిన కొస ఒకటి ఏరి
కింది ఆకులు గిల్లేసి
కోసిన సెలైను సీసాలో ఇసకపోసి గుచ్చింది.
అడుగున సూదితో నాలుగు బొక్కలు.
"బెల్లానికి దాహముండదు గదా,
నీకెట్ట తెలస్తాదిలే," అనింది.
ఆ పొద్దు ఆమె నిద్రపోలేదు.
మిక్సీ అంత గట్టిగా ఉంటాదని
నాకు ఆ పొద్దే తెలిసింది.

ఇప్పుడు కనకాంబరానికి చెంబు.
మరువానికి నా చూపుడువేలు.
మన్నులో గుచ్చి చూసి
చానా దినాలు ఏమీ పోయకుండానే దిగొస్తాండా.
చెయ్యి కట్టుకుని రావడం
నీళ్ళు మోయడం కంటే కష్టం.

మండీలో ముల్లు సరిజేసేటప్పుడు
వేలు ముక్కు దగ్గిరికొస్తాది.
"ఏమన్నా, నిలిపేస్తివి?" అంటాడు బండి ఆయప్ప.
ఏంలేదబ్బా,
తూకం ఇంకా ఊగతాంది, అంటా.